నంబరు దక్కని నాణెం

మల్లికార్జునరావు ఫిర్యాదు కాగితం మీద ఇంకా సంతకం ఒక్కటే బాకీ. నాలుగింటికల్లా పోలీసులకిచ్చి వస్తానని ఇల్లంతా వినబడేలా ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. శాన్ రామన్‌లోని ఆయన ఇంటి గుమ్మంలో దేదీప్య చెప్పులు విప్పేసరికి ఆదివారం మధ్యాహ్నం రెండూ ఇరవై. అంటే గంటా నలభై నిమిషాలు. ఈలోపు నిజం తేలకపోతే సోఫా అంచున కూర్చున్న రఘు మీద దొంగతనం కేసు పడుతుంది. హెచ్‌వన్‌బీ మీద బతికేవాడికి కేసంటే ఏమిటో రాసి చూపించక్కర్లేదు. నేరం రుజువయ్యేదాకా ఎవరూ ఆగరు. ముందు ఉద్యోగం పోతుంది, తర్వాత వీసా, ఆ తర్వాత తీరిగ్గా ఎవడో వచ్చి "నువ్వు నిర్దోషివి" అంటాడు. అప్పటికి రఘు సొంతూరు కరీంనగర్‌లో ఉంటాడు.

దేదీప్యను పిలిపించుకున్నది ఆ రఘే. ఆవిడ పన్నెండేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ చేసి, మూడుసార్లు లేఆఫ్ తిని, ఇక చాలనుకుని ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్ తెచ్చుకున్న మనిషి. రెండు ఉద్యోగాల్లోనూ పని ఒకటే, ఎవడో చేసిన తప్పు పట్టుకోవడం. కాకపోతే ఇక్కడ పట్టుబడ్డవాడు "అది తప్పు కాదండీ, ఫీచర్" అనడు.

"వచ్చారా!" అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ సూటు మనిషి. బీమా కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు శశికాంత్. పైన నీలం సూటు, కింద బాతుబొమ్మల సాక్సు. బూట్లు బయటే విప్పించేశారు కాబట్టి ఆ సాక్సుని దాచుకునే దారి లేదు. "ఏమండీ, పోయిన వారం ఎవరింట్లోనో పాట్‌లక్ విందులో పోయిన స్టీలు గిన్నె కేసు చూశారట. దొరికిందా?"

"దొరికింది. మీరు పోయినేడు దొంగ అని తేల్చిన మనిషి సంగతేమిటి? దొంగతనం జరిగిన టైముకి ఆయన ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడని విన్నాను."

శశికాంత్ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది.

"మీ ఇద్దరూ తర్వాత కొట్టుకోండి. ముందు నా నాణెం సంగతి చూడండి!" అని గర్జించాడు మల్లికార్జునరావు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, తెనాలి గొంతు. వెండి అర డాలర్లు పోగెయ్యడం ఆయన పిచ్చి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద ఒక అర డాలర్ పెట్టి, పక్కనే నీలం పెట్టె ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలో ఇంకో పందొమ్మిదున్నాయి.

"మొదట్నుంచీ చెప్పండి. టైములతో సహా," అంది దేదీప్య.

"పంతొమ్మిది వందల ఇరవై ఒకటి. శాన్ ఫ్రాన్సిస్కోలో కొట్టింది. ఇది నలిగిపోయిన కాపీలు చాలానే దొరుకుతాయి. నలగనిది దొరకడం గగనం. నాది నలగనిది! మే నెలలో కొన్నా. నాణేలు చూడ్డం తెలిసిన ఈ రఘే చూసి, అరవై అయిదు వస్తుంది బాబాయ్ గారూ అన్నాడు."

నాణేల లోకంలో ఒకటి నుంచి డెబ్భై దాకా మార్కులు. డెబ్భై అంటే దేవుడు కొట్టింది. అరవై, ఆపైన వస్తే ఎవరి జేబులోనూ నలగలేదని అర్థం. అరవై కిందికి దిగితే ఎక్కడో కాస్త అరిగిందన్నమాట. ఈ దేశంలో మనిషికి క్రెడిట్ స్కోరు, పిల్లాడికి జీపీఏ, నాణేనికి ఇది. మార్కు లేకపోతే వస్తువు ఉన్నా లేనట్టే. అరవై నాలుగుకీ అరవై అయిదుకీ మధ్య భూతద్దానికి మాత్రమే కనబడే గీత ఒకటుంటుంది. ఆ గీత ఖరీదు కొత్త కారు.

"గురువారం సాయంత్రం ఏడూ నలభైకి రఘు ఇక్కడే ఫోటోలు తీశాడు. నిన్న శనివారం పొద్దున ఎనిమిదీ యాభై అయిదుకి కవర్లో పెట్టి పిన్నులు కొట్టి ఇతని చేతికిచ్చాను. శాంటా క్లారాలో నాణేల ప్రదర్శన. అక్కడ గ్రేడింగ్ వాళ్ళు కూర్చుంటారు. మధ్యాహ్నం మూడూ పదికి రాసిచ్చింది ఇదిగో." చీటీ విసిరాడు. "తోమిన నాణెం. నంబరు ఇవ్వలేం! సున్నా కూడా కాదమ్మా, అసలు నంబరే లేదు! దారిలో మార్చేశాడు!"

"దారి యాభై నిమిషాలు," అన్నాడు శశికాంత్ ఫోన్ చూస్తూ. "అతను కౌంటర్‌లో ఇచ్చింది పదీ పదికి. మిల్పిటాస్‌లో పదహారు నిమిషాలు ఆగాడు. ఆ పదహారు నిమిషాల్లో ఏం చేశాడో అతని నోటితోనే వినండి."

రఘు తలెత్తాడు. ముప్పై ఏళ్ళవాడు, రాత్రి నిద్రపోయిన మొహం కాదు. "ఇడ్లీ తిన్న."

"పదహారు నిమిషాలా?"

"రెండు ప్లేట్లు తిన్న. ఆకలైంది మేడం, ఏం జెయ్యాలె? కవర్ అంగీ జేబుల్నే ఉంది. బిల్లు గూడ ఉంది."

"బిల్లు చూపిస్తే నాణెం మార్చలేదని అర్థమా?" శశికాంత్ గదంతా చూస్తూ చేతులు చాపాడు, కోర్టులో ఉన్నట్టు. "ఒక చేత్తో ఇడ్లీ, ఇంకో చేత్తో నాణెం. పోలీస్ రిపోర్ట్ ఫైల్ చేసేయండి రావుగారూ. ఈ నాణెం, ఆ పెట్టె రెండూ ఎవిడెన్స్‌గా నేను కంపెనీకి తీసుకెళ్తాను."

"పెట్టె ఎందుకు?" అంది దేదీప్య.

"ప్రొసీజర్."

ఆ మాట వింటే ఆవిడకి ఒళ్ళు మంట. చేతకానివాడూ చేతివాటం ఉన్నవాడూ ఇద్దరూ దూరే ముసుగు అది. అయినా అప్పటికి ఊరుకుని, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక పాత అర డాలర్ తీసి బల్ల మీద పెట్టింది. దారిలో తాకట్టు కొట్లో కొన్నది.

"రావుగారూ, దీనికెంత?"

మల్లికార్జునరావు దాన్ని వేళ్ళతో అంచున పట్టుకుని, చెయ్యంత దూరంలో పెట్టి, కళ్ళు చికిలించాడు. "అరవై మూడు."

శశికాంత్ ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి ఫోటో కొట్టాడు. "అరవై ఆరు. ఏఐ."

రఘు నాణేన్ని దీపం కింద పెట్టి మెల్లగా అటూ ఇటూ వాల్చాడు. అతని మొహంలో ఆ కాసేపు భయం పోయింది. "యాభై ఎనిమిది గూడ ఎక్కువే మేడం. కొత్త నాణెమైతే, గిట్ల వాలిస్తె వెలుగు బండిచక్రం లెక్క తిరగాలె. దీన్ల ఈ ఆడమనిషి బొమ్మ తొడ కాడ, రొమ్ము కాడ ఆగిపోతది చూడున్రి. గక్కడనే ముందు అరుగుతది. జేబుల్ల బాగ తిరిగింది."

"తాకట్టు కొట్టువాడు యాభై అయిదన్నాడు," అంది దేదీప్య. "రావుగారూ, మీ కళ్ళజోడేదీ?"

"దేనికీ? నాకు అవసరం లేదు. నాణేన్ని చూస్తే చాలు..."

"శనివారం పొద్దున కవర్లో పెట్టేటప్పుడు పెట్టుకున్నారా?"

లోపల్నుంచి ఆయన భార్య శాంతి గొంతు వినబడింది. "గురువారం నుంచీ కారులోనే ఉందండీ అది! చెప్తూనే ఉన్నాను!"

"అంటే శనివారం మీరు నాణెం చూడలేదు. దాని ఆకారం చూశారు," అంది దేదీప్య. "గురువారం రాత్రికీ శనివారం పొద్దుటికీ మధ్య ఒక రోజుంది. శుక్రవారం. దాని గురించి ఇంతవరకూ ఒక్కరూ నోరు విప్పలేదు."

రఘు ఫోన్‌లోని గురువారం నాటి ఫోటో పెద్దది చేసి, బల్ల మీది నాణెం పక్కన పెట్టి భూతద్దం దించింది. సూర్యుడి వైపు నడిచిపోతున్న స్త్రీ, భుజాల మీద జెండా, చేతిలో కొమ్మలు. ఫోటోలో ఆవిడ పాదం కింద, అంచుకి కాస్త పైన, చిన్న గాటు ఒకటుంది. నువ్వుగింజంత కూడా లేదు. నాణెం మీద అదే చోట, అదే గాటు.

"నాణెం మారలేదు," అంది దేదీప్య.

"వాట్?" అన్నాడు శశికాంత్.

"ఫోటోలోదీ ఇదీ ఒకటే. వచ్చి చూడండి. మీ ఏఐని కూడా పిలవండి."

శశికాంత్ వంగి చూశాడు, రావుగారు చూశారు. ఆయన కళ్ళజోడు లేకుండానే చూశారు, చూసి తలూపారు. చూడలేదని ఒప్పుకోవడం కంటే తలూపడం తేలిక కదా.

"ఫోటో మార్ఫింగ్ అయ్యుండొచ్చు," అన్నాడు శశికాంత్.

"అవ్వొచ్చు. మీరు కూడా మార్ఫింగ్ అయ్యుండొచ్చు. ఇంకోటి చూడండి." భూతద్దం తేదీ అంకెల మీదికి జరిపింది. "నిండా సన్నటి గీతలు. అన్నీ గుండ్రంగా, ఒకే వైపు. బొటనవేలుతో రుద్దితే పడే గీతలివి. మిషన్ కాదు, మందు కాదు. అంకెల సందుల్లో బూడిదరంగు పొడి. ఆవిడ చీర మడతల్లో..."

"గౌను," అన్నాడు శశికాంత్.

"మడతల్లో ఎర్రటి రేణువు ఒకటి. మిల్పిటాస్ ఇడ్లీ కొట్లో విభూతి, కుంకుమ వడ్డిస్తారా రఘూ?"

"లేదు మేడం. కారప్పొడి ఇస్తరు."

దేదీప్య లేచింది. "రావుగారూ, మీ పూజగది ఎటువైపు?"

మెట్ల కింద అలమరా లాంటి చిన్న గది. తలుపు తియ్యగానే కళ్ళు చెదిరాయి. కుందులు, పంచపాత్ర, హారతి పళ్ళెం, చిన్న వెండి ఆవు, అన్నీ తళతళలాడుతున్నాయి. వరలక్ష్మీ వ్రతం జరిగి రెండు రోజులే అయింది. కలశం ఇంకా కదపలేదు. కొబ్బరికాయ మీద పసుపు ఎండి బీటలు వారింది. చెంబు పొట్ట మీద గంధం మందంగా అద్ది, ఎండనిచ్చారు. ఆ గంధం మధ్యలో గుండ్రటి పల్లం. దేన్నో అతికించి పీకిన గుర్తు. అంచు చుట్టూ సన్నటి పళ్ళు.

సంచిలోంచి కొలబద్ద తీసి అడ్డంగా పెట్టింది. ముప్పై మిల్లీమీటర్ల మీద ఇంకో గీత ముక్క.

"ఇక్కడి క్వార్టర్, అంటే పావు డాలర్, ఇరవై నాలుగు. ఇప్పటి మన రూపాయి ఇంకా చిన్నది," అంది వెనక్కి తిరక్కుండానే. "అర డాలర్ ముప్పై దాటుతుంది. ఆంటీ, మీరు తలుపు వెనకాల నిలబడక్కర్లేదు. రండి."

శాంతి వచ్చింది. చేతిలో చెంగు నలిపి తాడు చేసేసింది.

"నేనేం పాపం చెయ్యలేదమ్మా."

"తెలుసు. చెప్పండి."

"గురువారం రాత్రి ఆ అబ్బాయి వెళ్ళాక, ఈయన దాన్ని బల్ల మీదే వదిలేసి పడుకున్నారు. చూశాను. ఆ తల్లి నడిచొస్తోంది. వెనకాల సూర్యుడు, చేతిలో కొమ్మలు, గాలికి చెంగు ఎగురుతోంది. మనింట్లోకి నడిచొచ్చే లక్ష్మి ఇలాగే ఉంటుంది కదా అనిపించింది. కానీ మసిబారి ఉంది తల్లి. పూజకి అలా పెడతామా? కాస్త చింతపండు, కాస్త విభూతి వేసి తోమాను. ఎంత బాగా వచ్చిందనుకున్నావ్!"

గుమ్మంలో దబ్‌మని చప్పుడైంది. మల్లికార్జునరావు నేల మీద కూలబడ్డాడు.

"నూరేళ్ళ రంగు! నూరేళ్ళు గాలి తిని వచ్చిన రంగే దాని ప్రాణం! అరవై అయిదునే తోమేశావా?"

"మసి అనుకున్నానండీ."

"మసి కాదే, అదే మార్కు!"

"మరి నిన్న మధ్యాహ్నమే ఎందుకు చెప్పలేదు?" దేదీప్య గొంతులో జాలి లేదు. "ఈ అబ్బాయి రాత్రంతా చచ్చి బతికాడు."

శాంతి కళ్ళు తుడుచుకుంది. "ఈయన పోలీసులంటూ గంతులేస్తుంటే నోరు పెగల్లేదమ్మా. పొద్దున చెబుదామనుకున్నా. అప్పటికే ఆ సూటాయన వచ్చేశాడు. తప్పే. రఘూ, తప్పే నాన్నా."

రఘు "పర్లేదు ఆంటీ" అన్నాడు. పర్లేదు! రేపటి నుంచి బతుకే లేకుండా పోయేది, అయినా పర్లేదు. ఇలా అందరికీ పర్లేదని చెప్పీ చెప్పీనే మనవాళ్ళు ఇక్కడ ప్రతివాణ్ణీ నెత్తిన ఎక్కించుకుంటారు. దేదీప్యకి అతని చెవి మెలిపెట్టాలనిపించింది.

"ఎక్సలెంట్," అన్నాడు హాల్లో కిటికీ దగ్గర్నుంచి శశికాంత్. విచిత్రం, అతని మొహం వెలిగిపోతోంది. "దొంగతనం లేదు. ఇంటివాళ్ళే పాడుచేసుకున్నారు కాబట్టి క్లెయిమ్ కూడా లేదు. కేస్ క్లోజ్డ్. పెట్టె తీసుకెళ్ళి ఫైల్ ముగించేస్తాను." నీలం పెట్టెని అప్పటికే చంకలో ఉన్న తోలు బ్యాగ్‌లోకి దించుతున్నాడు.

"దొంగతనమే లేదన్నారు. మరి ఎవిడెన్స్ దేనికి?"

"ప్రొసీజర్ అని చెప్పాను కదా దేదీప్యగారూ."

"ఆ పెట్టె ఇచ్చెయ్యి బాబూ!" అంది శాంతి కంగారుగా. "అవి ఎవరికీ చూపించొద్దు. అవి కూడా పాడైపోయాయి."



"అవి కూడా తోమావా?" అన్నాడు మల్లికార్జునరావు. ఆ గొంతు నేల కింద నుంచి వచ్చినట్టుంది.

"ఏటా తోముతానండీ. శ్రావణమాసం వచ్చిందంటే ఇంట్లో వెండి అంతా తోముతాం కదా. మీకెప్పుడూ తెలీలేదు. ఈసారి మాత్రం నా చెయ్యేదో పాడైపోయింది. అమ్మవారు నడిచొచ్చేది ఒక్కటే తెల్లగా వచ్చింది. మిగతా పందొమ్మిదీ తోమేకొద్దీ ఎర్రబడ్డాయి. రాగిచెంబులా. భయమేసి మళ్ళీ ఆ ప్లాస్టిక్ కవర్లలో పెట్టేశాను."

దేదీప్య ఆవిడ దగ్గరికి జరిగింది. "పోయినేడు తోమినప్పుడు?"

"పోయినేడు మల్లెపువ్వుల్లా వచ్చాయి."

"ఆంటీ, వెండి ఎంత తోమినా ఎర్రబడదు. ఎర్రబడితే అది వెండి పూత పూసిన రాగి. మీరేం పాడుచెయ్యలేదు. పోయిన శ్రావణానికీ ఈ శ్రావణానికీ మధ్య ఎవరో పందొమ్మిది నాణేలూ మార్చేశారు. మీ చింతపండు పట్టుకుంది." రావుగారి వైపు తిరిగింది. "ఆ పెట్టె ఈ ఏడాదిలో ఎప్పుడైనా ఇల్లు దాటిందా? రఘు దగ్గరికి?"

"అతనికెందుకిస్తాను? అతను పరిచయమయ్యిందే మే నెలలో. ఆ పెట్టె ముట్టుకోలేదు." ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఇల్లు దాటింది ఒక్కసారే. మార్చిలో పాలసీ రాయించాను. కంపెనీ మనిషి వచ్చి, నాణేల ఫోటోలు తియ్యాలని రెండు రోజులు..."

"ఏ మనిషి?"

రావుగారు వేలెత్తి చూపించారు. ఆ వేలు చూపిన చోట కిటికీ ఉంది, కర్టెన్ ఉంది. శశికాంత్ లేడు.

వీధితలుపు బార్లా తెరిచి ఉంది. దేదీప్య పరిగెత్తి గుమ్మంలోకి వెళ్ళేసరికి, అతని ఎలక్ట్రిక్ కారు చప్పుడు చెయ్యకుండా వీధి మలుపు తిరుగుతోంది. నల్లబూట్లు మాత్రం గుమ్మం పక్కన, రావుగారి చెప్పుల మధ్య, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. సమయం మూడూ ఇరవై రెండు. కారు నంబరు పైకి చదువుకుంటూ ఆవిడ ఫోన్ తీసింది.

"రావుగారూ, ఆ ఫిర్యాదు కాగితం తెండి. చించకండి. పేరొక్కటే మార్చాలి."

"మేడం." రఘు ఆవిడ వెనకే గుమ్మంలోకి వచ్చాడు. "ఒకటి చెప్పలే మీకు."

"చెప్పు."

"పొద్దుగాల ఆయన నా రూమ్‌కి వచ్చిండు. వెరిఫికేషన్‌కి పాస్‌పోర్ట్ గావాలన్నడు. కో-ఆపరేట్ చేస్తె కేస్ లేకుంట చూస్త అన్నడు."

"ఇచ్చావా?"

"సూటేసుకున్నడు గద మేడం."

సూటు! సూటు వేసుకున్నవాడు అడిగితే ఎవరని అడక్కుండా, కాగితం చూపించమనకుండా, పాస్‌పోర్ట్ తీసి చేతిలో పెట్టేశాడు! ఎనిమిదేళ్ళుగా ఈ దేశంలో కోడు రాస్తున్నవాడు!

"ఎక్కడుందది?"

"ఆ తోలు బ్యాగుల్నే."

అప్పుడే అతని చేతిలోని ఫోన్ టింగుమంది. దేదీప్య భుజం మీదుగా చదివింది. శశికాంత్ పంపిన మెసేజ్.

"రఘుగారూ, ఆ పెట్టెలోని పందొమ్మిది నాణేలూ గ్రేడింగ్ కోసం జులైలో మీ దగ్గరే ఉన్నాయని, వాటిలో ఏ మార్పుకైనా మీదే బాధ్యత అని కన్‌ఫర్మ్ చేయండి. చేసిన వెంటనే మీ డాక్యుమెంట్ పంపిస్తాను."

"ముట్టుకోకు!" అని అరిచింది దేదీప్య. "రఘూ, దానికి జవాబివ్వకు!"

రఘు నెమ్మదిగా ఫోన్‌ని ఆవిడ వైపు తిప్పాడు. ఎనిమిదేళ్ళ ఆఫీసు అలవాటు. బొటనవేలు బుర్రని అడగలేదు. మెసేజ్ కింద అప్పటికే రెండు మాటలు, పక్కన అవతలివాడు చదివేశాడన్న రెండు నీలం టిక్కులు.

"ఓకే సర్."